జీడి గుర్తుల తెప్పలు

మా ఊరి వెనక పారే గెడ్డను నా ఎదురుగా ఎవరైనా మురికి కాలువ అంటే నేను ఊరుకోను. ఒకసారి స్కూల్లో స్టాఫ్ రూములో తోటి టీచరు ఒకాయన ఆ మాట అన్నాడు. నేను చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి, "మీ ఇంటి వెనక గొట్టం ఎందులోకి వెళ్తుందో చూసుకుని వచ్చి మాట్లాడండి" అన్నాను. ఆయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. నాకు ముక్కు మీద కోపమని చోడవరంలో చాలామందికి తెలుసు. ఆ కోపం వల్ల నేనేం పోగొట్టుకున్నానో మాత్రం ఎవరికీ తెలియదు. అది రాయాలని ఎన్నోసార్లు కూర్చుని లేచిపోయాను. ఈసారి లేవకూడదనుకుంటున్నాను.

మాది ఆ గెడ్డ రేవు మీద బతికిన ఇల్లు. కాగితాల్లో రజకులని రాస్తారు, ఊళ్లో చాకలోళ్లంటారు. అమ్మ పోయేటప్పటికి నాకు నాలుగేళ్లు, అప్పకు పద్నాలుగు. మా వైపు అక్కను అప్ప అంటాం. నాన్న ఉన్నాడు గానీ ఇంట్లో ఉన్నది తక్కువ, కొన్నాళ్లకు ఆయనా పోయాడు. అమ్మ బండ అప్పకు వచ్చింది. రేవులో ఎవరి బండ వాళ్లదే. ఒకరి బండ మీద ఇంకొకరు ఉతకరు, అడగకుండా కూర్చోరు కూడా. మా బండ గెడ్డ వంపు తిరిగే చోట, నీళ్లలోకి కాస్త ఏటవాలుగా, అమ్మా అమ్మమ్మా బాది బాది మధ్యలో నున్నగా అరిగిపోయి ఉండేది. మొదటిరోజు దాని మీద బట్ట బాదినప్పుడు దెబ్బ సరిగ్గా పడక నీళ్లు కళ్లలో చిమ్మాయని, అందుకే కళ్లు ఎర్రబడ్డాయని అప్ప చెప్పేది. నేను నమ్మేదాన్ని.

నేను స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. బొమ్మలు ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే విశాఖపట్నంలో చదివానని చెప్తుంటాను. అది సగం నిజం. నేను మొట్టమొదట చూసిన గీతలు అప్ప బట్టల అంచున పెట్టే జీడి గుర్తులు. తినే జీడిపప్పు కాదు, నల్లజీడి గింజ. దానికి సూది గుచ్చితే నల్లటి రసం ఊరుతుంది. ఆ రసంతో గుర్తు పెట్టి పైన సున్నం అద్దితే ఇక ఎన్నిసార్లు ఉతికినా పోదు. బట్ట చిరిగిపోతుంది గానీ గుర్తు పోదు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. పోస్టుమాస్టరింటికి మూడు చుక్కల కింద అడ్డగీత, టైలరింటికి కత్తెర మాదిరి రెండు గీతలు, కిరాణా కొట్టువాళ్లకు సున్నలో చుక్క, గోవాడ చక్కెర మిల్లుకు చెరుకు తోలే రైతింటికి నిలువు గీతకు రెండు కొమ్మలు. అప్పకు అక్షరం ముక్క రాదు. కానీ కొండంత మోపు విప్పి, ఒక్క బట్ట కూడా ఇంకో ఇంటికి పోకుండా ఒక్క చూపులో వేరు చేసేది.

నేను ఆ గింజ ముట్టుకోబోతే చేతి మీద ఒక్కటి వేసేది.

"ముట్టకే గుంటా. సెయ్యి పొక్కిపోద్ది. నీ సెయ్యి బాగుండాల."

తన చేతులు మాత్రం ఎప్పుడూ పొక్కే ఉండేవి. జీడి రసం ఒకపక్క, సోడా ఒకపక్క, బ్లీచింగ్ ఒకపక్క. రాత్రి అన్నం కలుపుకుంటే కారం మండి, చెంచాతో తినేది. ఆ చేతులే నన్ను చదివించాయి. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "ముందు మా గుంట ఉద్యోగం సెయ్యాల" అనేది. నాకు ఉద్యోగం వచ్చేసరికి ఆ మాట ఎత్తేవాళ్లు లేరు.

చిన్నప్పుడొకసారి అడిగాను, "మనింటి గుర్తేటప్పా?" అని.

"మన బట్టలకి గుర్తెందుకే? మనవి మనకి తెలవ్వేటి?" అని నవ్వింది.

నేను చదువు ముగించి ఊరికి వచ్చేసరికి గెడ్డ మారిపోతోంది. ఊరు పెరిగింది. కొత్త వీధుల గొట్టాలు, హోటళ్ల ఎంగిలి నీళ్లు, మాంసం దుకాణాల ఈకలూ పేగులూ, సంత మర్నాటి ప్లాస్టిక్కూ అన్నీ అందులోకే. ఎవరో ఒక్కరు చేసింది కాదు, అందరం కలిసి చేశాం. మొదట నురగ వచ్చింది, తర్వాత వాసన, ఆ తర్వాత నలుపు. ఒకరోజు ఒక ఇంటివాళ్లు ఉతికిన పంచెలు తిప్పి పంపారు, వాసన వస్తున్నాయని. అప్ప ఒక పంచె ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. వాళ్ల మీద కోపం తెచ్చుకోలేదు. బోరు నీళ్లతో మళ్లీ ఉతికి ఇచ్చి వచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్క ఇల్లూ తగ్గిపోయింది. మిగతావాళ్లు రేవు వదిలి కూలికీ మేస్త్రీ పనికీ వెళ్లిపోయారు. అప్ప బస్టాండు దగ్గర ఇస్త్రీ బండి పెట్టుకుంది.

బండి నుంచి ఇంటికి దగ్గర దారి ఉన్నా, రోజూ సాయంత్రం వంతెన మీదుగా చుట్టూ తిరిగి వచ్చేది. వంతెన మీద ఆగి కిందకి, తన బండ వైపు చూసేది. నేను ఒకట్రెండు సార్లు తిట్టాను కూడా, ఆ కంపులో ఎందుకు నిలబడతావని.

"ఒక్కసారి నా బండ మీద ఉతకాలే. మంచి నీట్లో. ఒక్కసారైతే సాలు" అంది.

అంత చిన్న కోరిక. చీర అడగలేదు, యాత్రకు తీసుకెళ్లమనలేదు. "ఉతుకుతావప్పా, నేను చేయిస్తాను కదా" అని మాట ఇచ్చాను.

వట్టివేరు మొక్కల్ని తెప్పల మీద నాటి మురికినీటి మీద వదిలితే, వేళ్లు నీళ్లలోకి దిగి నీళ్లు తేరుకుంటాయని ఎక్కడో చదివాను. కొందరు చిత్రకారులు అలాంటి తెప్పల్నే బొమ్మలుగా తీర్చి చెరువుల మీద వదులుతారని కూడా చదివాను. నీళ్లకు వైద్యం, కంటికి బొమ్మ. నాకు వెంటనే తోచింది అప్ప గుర్తులు. ఏ ఇంటి మురికి గెడ్డలోకి వస్తోందో ఆ ఇంటి గుర్తు గెడ్డ మీద తేలాలి. వంతెన మీద వెళ్లేవాడు కిందకి చూస్తే తన ఇల్లు కనపడాలి. నిజం చెప్పాలంటే మొదట్లో అందులో కళ కన్నా కక్షే ఎక్కువ.

ఒక ఆదివారం సాయంత్రం ఇస్త్రీ బండి దగ్గర పాత పేపర్లు పరిచి, "అన్నీ గుర్తున్నాయా అప్పా?" అని అడిగాను. ఇస్త్రీ పెట్టెలోంచి చల్లారిన బొగ్గు ముక్క తీసుకుని మొదలుపెట్టింది. ఒక్కో గుర్తూ వేస్తూ ఆ ఇంటి కథ చెప్పేది. ఈ ఇంటాయన చొక్కా జేబులో ఎప్పుడూ చుట్ట ముక్క ఉండేదట. ఆ ఇంట్లో పెళ్లికి దుప్పట్లే రెండు మోపులు ఉతికిందట. ముప్పై ఒక్క ఇళ్లు చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. అప్పుడు అప్ప మొహంలో చూసిన వెలుగు నేను ఇంకెప్పుడూ చూడలేదు. ఇంట్లో బొమ్మలు వేసేదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటూ పెరిగినందుకు సిగ్గేసింది.

పేపర్లు మడుస్తూ అడిగింది, "ఇంతకీ ఈ గడ్డి ఏటి సేస్తాదే?"

"మురికి తింటాది."

"తిని? తిన్నాక ఆ మురికి ఏటవుద్ది? ఎక్కడికి పోద్ది?"

నేను వెదుళ్ల కొలతలు రాసుకుంటున్నాను. తల ఎత్తలేదు. "అదంతా పెద్ద కథప్పా. నీకర్థం కాదులే" అన్నాను.

అలాగే అన్నట్టు తలూపి బొగ్గు చేతులు పైటకు తుడుచుకుంది. అదే పెద్ద కథను నేను పంచాయతీ ఆఫీసులో బొమ్మలు చూపించి చెప్పాను. స్కూల్లో బోర్డు మీద వేసి చెప్పాను. అనకాపల్లిలో కొబ్బరి తాళ్లు అమ్మే ముసలి సాయిబుగారు, "ఇంత తాడు దేనికమ్మా?" అని అడిగితే దుకాణం ముందు నిలబడి పావుగంట చెప్పాను. ఆయనకు అర్థమైంది. మా అప్పకు మాత్రం అర్థం కాదనుకున్నాను.

రావికమతం వైపు నుంచి వెదుళ్లు తెప్పించాను. చట్రాలు కట్టి, కింద మూతలు బిగించిన ఖాళీ నీళ్ల సీసాలు పెట్టి, పైన కొబ్బరి పీచు పరిచి, వట్టివేరూ మధ్యమధ్య మెట్టతామరా నాటాం. నా క్లాసు పిల్లలు సెలవు రోజుల్లో వచ్చి తాళ్లు బిగించారు. వంతెన దగ్గర టీ కొట్టు నడిపే బాబాయి మొదట నవ్వాడు, తర్వాత ఖాళీ సీసాలు దాచి ఇచ్చాడు. ఎగువన చెత్త ఆగేలా వల కట్టాం, రేవు దగ్గర ఇసుక బస్తాలు వేసి నీళ్లు కాసేపు నిలిచేలా చేశాం. చెరుకు ట్రాక్టర్లు గోవాడ వెళ్లే రోజుల్లో తెప్పలన్నీ నీళ్ల మీదకు దిగాయి. ముప్పై ఒక్క గుర్తులు. పైనుంచి చూస్తే గెడ్డ మీద పచ్చటి రాత.

నేననుకున్న గొడవ జరగలేదు. ఇంకోటి జరిగింది. ట్రాక్టర్ల వాళ్లు ఆగి చూసేవాళ్లు. ఒక ముసలామె వంతెన కమ్మీ పట్టుకుని, "ఓలమ్మో, అది మా ఇంటి గురుతు కాదేటి! మా అత్త సీరలకి అదే ఉండేది" అని కళ్లు తుడుచుకుంది. నెల తిరక్కుండా ఆమె కొడుకు తమ గొట్టం మూయించి పెరట్లో ఇంకుడు గుంత తవ్వించాడు. ఆ మాట విని ఇంకో రెండిళ్లవాళ్లు తవ్వించారు. నా కక్ష ఎటు పోయిందో నాకే తెలియదు. వట్టివేరు వేళ్లు మూరెడు దిగాయి. వాసన తగ్గింది. ఒకరోజు అప్ప పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చింది.

"సేపలొచ్చేయే! బుల్లి బుల్లివి. నా బండ కాడే తిరుగుతన్నాయి."

ఆ రాత్రి మేం పండగ చేసుకున్నంత పని చేశాం. అప్ప గారెలు వండింది.

ఒక్కటే కొరత, నీళ్ల రంగు. పీచు నానడం వల్ల కొంతా, బురద వల్ల కొంతా నీళ్లు టీ డికాషన్ రంగులో ఉండేవి. అవి చెడ్డ నీళ్లు కావు. అది నాకు తెలుసు. అప్ప దృష్టిలో మాత్రం తెల్లగా లేనిదేదీ శుభ్రం కాదు. ఆమె పని అదే కదా జీవితమంతా.

"ఇంకా ఎర్రగానే ఉన్నాయేటే?" అనేది.

"ఉండనీ అప్పా."

ఇంతలో జిల్లా నుంచి ఒక ఆఫీసరమ్మ చూడ్డానికి వస్తుందని కబురు వచ్చింది. ఆమెకు నచ్చితే గెడ్డ పొడవునా తెప్పలు వేయడానికి అనుమతి వస్తుందన్నారు. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. "ఆ రోజే నువ్వు ఉతకాలప్పా. అందరి ముందూ, నీ బండ మీద" అన్నాను. అప్ప మర్నాటి నుంచి ఇస్త్రీ బండి పని కాగానే, తెప్పల మీద గుర్తులున్న ఇళ్లన్నిటికీ వెళ్లి ఒక్కో ఇంట్లో ఒక్కో బట్ట అడిగి తెచ్చుకుంది. ఉతికిస్తాను ఇవ్వండమ్మా, రేవులో ఉతుకుతాను అని. చాలామంది ఇచ్చారు. పాత మోపు గుడ్డ తీసి వాటిని మూట కట్టుకుంది.

ఆఫీసరమ్మ వచ్చే వారమంతా నేను మనిషిలా లేను. ఏ మొక్క వాడినా, ఏ తాడు వదులైనా అరిచేదాన్ని. ముందు రోజు మధ్యాహ్నం అన్నం దగ్గర నాలో నేనే అనుకున్నట్టు, "నీళ్లు కాస్త తేరుకునుంటే ఎంత బాగుండేదో. ఆవిడ ఎర్ర నీళ్లు చూసి ఏమనుకుంటాదో" అన్నాను. అప్ప నా మొహం వంక చూసింది. "తెల్లబడ్డానికి ఏటీ లేదేటే?" అంది. "నన్ను విసిగించకప్పా" అని చెయ్యి కడుక్కుని లేచిపోయాను.

మర్నాడు పొద్దున్న ఆఫీసరమ్మతో పాటు వంతెన మీదకి వెళ్లాను. ముందు ముక్కుకు తగిలింది ఘాటు. ఆ వాసన నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు, మా ఇంటి వాసన అది. కిందకి చూశాను. మా రేవు మడుగు నీలంగా ఉంది. తెల్ల పంచెలకు ఆఖరి జాడింపులో పెట్టే నీలిమందు నీలం. దాని మీద బుల్లి చేపలు తెల్లగా తేలుతున్నాయి. మెట్టతామర ఆకులు అంచుల నుంచి మాడి వేలాడుతున్నాయి. అప్ప తన బండ మీద నిలబడి ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది, తలలో కనకాంబరాలు పెట్టుకుంది, చెప్పులు ఒడ్డున విప్పింది. పక్కన బట్టల మూట. నన్ను చూసి చెయ్యూపింది. వేళ్లు నీలంగా ఉన్నాయి.

మెట్లు ఎలా దిగానో తెలియదు. "ఏటి సేసేవప్పా?" అన్నాను.

"బ్లీచింగేసేనే. నిన్న పొద్దుగూకే యేళ. మనింట్లో పాత బస్తాలుండిపోనాయి కదా. ఆకర్న నీలం పెట్టేను. ఎర్రగున్నాయని నువ్వు దిగులు పడతన్నావు కదా. సూడు, ఎంత బాగా తేలేయో."

చేపల్ని చూసిందో లేదో నాకు తెలియదు. ఆమె చూస్తున్నది నా మొహాన్ని, నేను మెచ్చుకుంటానని.

వంతెన మీద జనం ఉన్నారు. ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. నేను ఆగలేదు.

"నీకు బుర్రుందేటి? సంపేసేవు. అన్నీ సంపేసేవు. ఈ ఊరంతా కలిసి సేసిందానికన్నా నువ్వొక్కదానివే ఎక్కువ పాడు సేసేవు. ఉతకడం తప్ప నీకేటొచ్చని ఇందులో సెయ్యెట్టేవు?"

ఉతకడం తప్ప నీకేమొచ్చు. ఆ ఉతకడంతో చదువుకున్న నోటితో అన్నాను ఆ మాట.

ఆఫీసరమ్మే పైనుంచి, "పోనివ్వండమ్మా, ఆవిడ తెలియక చేశారు" అంది. టీ కొట్టు బాబాయి మొహం తిప్పుకున్నాడు. అప్ప ఏడవలేదు. నీలం చేతులు ఒకసారి చూసుకుని పైట కొంగులో దాచుకుంది. వంగి మూట ఎత్తి నెత్తిన పెట్టుకుని, బండ దిగి, గట్టెక్కి వెళ్లిపోయింది. చెప్పులు వేసుకోవడం మర్చిపోయింది. సాయంత్రం నేనే వాటిని తెచ్చి గుమ్మం పక్కన పెట్టాను. 

ఆ మూటలోని ఇళ్లవాళ్ల బట్టలన్నీ పెరట్లో కుళాయి దగ్గర ఉతికింది. ఇస్త్రీ చేసి, ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చి వచ్చింది. నాకు రోజూ వండి పెట్టింది, డబ్బా కట్టింది. నా మీద కోపం చూపలేదు, చూపిస్తే బాగుండేది. కానీ ఆ రోజు నుంచి వంతెన మీదుగా రావడం మానేసింది. దగ్గర దారినే ఇంటికి వచ్చేది, అందువల్ల తొందరగా వచ్చేది. తొందరగా వచ్చి గుమ్మంలో ఖాళీగా కూర్చునేది.

ఆఫీసరమ్మ మళ్లీ రాలేదు. నేను గెడ్డకు వెళ్లి మాడిన ఆకులు కోసేస్తూ ఉండేదాన్ని. ఇరవై రోజులైందో లేదో, వట్టివేరు మొదళ్లలో సన్నటి పచ్చ కనిపించింది. ఒకటి రెండు కాదు, తెప్ప తెప్పకీ. వట్టివేరు అంత తేలిగ్గా చచ్చే మొక్క కాదు. నేను చదువుకున్న దాంట్లోనే ఉంది ఆ సంగతి. ఆ రోజు అరుస్తున్నప్పుడు కూడా లోపలెక్కడో నాకు తెలుసు.

ఇంటికెళ్లి చెప్పలేదు. ఎందుకో నాకు తెలుసు, అందుకే ఇది రాయడం ఇంత కష్టంగా ఉంది. చిగురించిందని చెబితే అప్ప తప్పు చిన్నదైపోతుంది. అప్పుడు నా అరుపు పెద్దదైపోతుంది. ఇంకొన్నాళ్లు పోనీ అనుకున్నాను. మంచి మాట చూసుకుని ఒకేసారి చెప్దామనుకున్నాను.

వానలు మొదలయ్యాయి. దేవరాపల్లి వైపు కొండల్లో కురిసిన వానకు ఒక రాత్రి గెడ్డ పొంగి, తెప్పలన్నీ కొట్టుకొచ్చి వంతెన కింద ఇరుక్కున్నాయి. నీళ్లు రోడ్డెక్కుతాయని పొక్లెయిన్ తెచ్చి ఎత్తి గట్టు మీద పారేశారు. గుర్తులన్నీ ఒకదాని మీద ఒకటి, విరిగిన వెదురు పోగైపోయాయి. వల తెగిపోయింది. వారంలో గెడ్డ మళ్లీ నల్లబడింది. నేను ఎవరితోనూ పోట్లాడలేదు. ఓపిక లేదు.

ఆ వానల్లోనే అప్పకు జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరమేనని మాత్రలు వేసుకుని రెండు రోజులు బండి దగ్గరే నిలబడింది. మూడో రోజు లేవలేదు. ఆస్పత్రిలో చేర్చాక గుండె కూడా బలహీనంగా ఉందన్నారు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. అరచెయ్యి గరుకుగా, వేలి చివర్లు పగిలి ఉన్నాయి. సాయంత్రం కళ్లు తెరిచింది.

"ఆ గడ్డి బతికిందేటే?" అని అడిగింది.

ఒక్క మాట. బతికిందప్పా. అంటే సరిపోయేది.  ఆ మాట ఎత్తితే బావురుమంటానని, ఏడిస్తే ఆమె కంగారు పడుతుందని, "మాట్లాడకప్పా, పడుకో" అన్నాను. అలాగేనన్నట్టు తలూపింది. ఇస్త్రీ బండి దగ్గర ఊపినట్టే. తెల్లారేసరికి లేదు.

మా ఇళ్లలో మనిషి పోయిన మూడో రోజు వాళ్ల బట్టలు రేవులో ఉతకాలి. ఊళ్లో ఎవరు పోయినా ఆ పనికి మా ఇంటికే కబురొచ్చేది, అప్పే వెళ్లేది. అప్ప బట్టలు ఉతకడానికి నేను తప్ప ఎవరూ లేరు. చీరలు మూట కట్టడానికి పాత మోపు గుడ్డ విప్పితే అడుగున ఒక మడత చీర కనిపించింది. ఆకుపచ్చ నూలు చీర, నా మొదటి జీతంతో కొన్నది. ఆ రోజు రేవులో ఇళ్ల బట్టలతో పాటు ఉతుకుదామని మూటలో పెట్టుకున్నట్టుంది. ఆ తర్వాత దాన్ని బయటకు తీసినట్టు లేదు. చీర అంచున జీడి గుర్తు. కొత్తది, చుట్టూ సున్నం తెల్లగా ఇంకా అంటుకుని ఉంది. రెండు చుక్కలు, రెంటినీ కలుపుతూ ఒక గీత. ఆ గుర్తు ముప్పై ఒక్క ఇళ్లలో ఏ ఇంటిదీ కాదు.

మన బట్టలకి గుర్తెందుకే అన్న మనిషి. తెప్పల్లో మన ఇల్లు కూడా ఉండాలని అడుగుదామనుకుందేమో, ఆ రోజు ఉతికాక చూపిద్దామనుకుందేమో. అడిగే అవకాశం నేనివ్వలేదు. ఆ చీర మొహానికి అడ్డం పెట్టుకుని, ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి గట్టిగా ఏడ్చాను.

మూట నెత్తిన పెట్టుకుని రేవుకు వెళ్లాను. నాకు ఉతకడం రాదు. నా చెయ్యి బాగుండాలని అప్ప నన్ను ఎప్పుడూ రేవులోకి దిగనివ్వలేదు. నల్లటి నీళ్లలో ముంచి, ఆమెలాగే భుజం మీదుగా తిప్పి బండ మీద కొట్టాను. దెబ్బ తప్పి నీళ్లు కళ్లలో చిమ్మాయి, తుడుచుకుంటే పోయాయి, ఏడుపు మాత్రం ఆగలేదు. పద్నాలుగేళ్ల అప్ప అబద్ధం అప్పుడు తెలిసింది నాకు. కళ్లు మండినందుకు కాదు, తనకు ఏడుపొచ్చి ఏడ్చింది. ఉతికిన చీరలు ఉతకక ముందు కన్నా మురికిగా వచ్చాయి. ఇంటికి తెచ్చి కుళాయి నీళ్లతో మళ్లీ ఉతికాను, వాసనని తిప్పి పంపిన పంచెల్ని ఆమె ఉతికినట్టే. ఆకుపచ్చ చీర మాత్రం ఆ నీళ్లలో ముంచలేదు. అది అలాగే ఉంది.

గట్టు మీది పోగులో వెతికితే ప్రాణమున్న వట్టివేరు దుబ్బులు కొన్ని దొరికాయి. రెండు చిన్న గుండ్రటి చట్రాలు, మధ్యలో ఒక పొడుగు చట్రం కట్టాను. సీసాలు టీ కొట్టు బాబాయే ఇచ్చాడు. అప్ప బండకు తాడు కట్టి నీళ్ల మీద వదిలాను. ఒక్క తెప్పతో గెడ్డ బాగుపడదు. నాకు తెలుసు. మళ్లీ అన్నీ కట్టడానికి పంచాయతీకి అర్జీ పెట్టాను, తిరుగుతున్నాను. అది వేరే సంగతి.

స్కూలు అయ్యాక వంతెన మీదుగా తిరిగి వెళ్లడం ఇప్పుడు నాకు అలవాటైంది. మెట్లు దిగి, చెప్పులు ఒడ్డున విప్పి, బండ మీద కూర్చుంటాను. మొదటిసారి కూర్చునే ముందు అడిగాను, కూర్చోనా అప్పా అని. తెప్ప అంచు పట్టుకుని ఎత్తితే వేళ్లు కనపడతాయి, జేనెడు దిగాయి.

"ఇలా సూడప్పా" అంటాను. "గడ్డి తినదు. ఈ వేళ్లకి కంటికి కనపడని పురుగులు పట్టుకునుంటాయి. మురికిని అవి తింటాయి. తినగా మిగిలిన సారం గడ్డి తాగి పెరుగుతాది. బ్లీచింగేస్తే ఆ పురుగులు సచ్చిపోతాయి. అందుకే ఎయ్యకూడదు."

అంతే. చెప్పడానికి ఒక్క నిమిషం కూడా పట్టదు.